జైల్లో ఉండగా అయినవాళ్లు పోతే

బయట ఉన్నవాళ్లకు చావు వెంట బోలెడు పని వస్తుంది. బయల్దేరాలి, పదిమందికి ఫోన్లు చేయాలి, శవం దగ్గర కూర్చోవాలి, మోయాలి, వచ్చినవాళ్లకు చెప్పిందే చెప్పాలి. ఆ తిరుగుడులోనే మనిషి ఇక లేడన్న సంగతి ఒంటికి పడుతుంది. జైల్లో ఉన్నవాళ్లకు అందేది ఒకే ఒక్క మాట: ‘మీ అమ్మ పోయింది.’ అది విని అరగంట తిరక్కుండానే ఖైదీల తలలు లెక్కపెట్టే వేళకు వరసలో నిలబడాలి, గేటు పడుతుంది, మిగతా రోజు నిన్నటిలాగే గడుస్తుంది. అందుకే ఏడాది దాటినా మనసులో ఒక మూల ‘ఇంటికెళ్తే ఉంటుంది’ అనే ఉంటుంది.

కింద చెప్పేవన్నీ ఆ చిక్కు చుట్టూనే తిరుగుతాయి. కళ్లారా చూడని చావును కొంచెం కొంచెంగా నమ్మాలి. ఈలోపు కొత్త కేసు, కొత్త అప్పు, ప్రాణం మీదికి వచ్చే పని ఏదీ నెత్తిన పెట్టుకోకూడదు. లోపలున్నవాళ్ల కోసమే రాసినా, దీన్ని కాగితం మీద తీసి పంపగలిగేది బయటివాళ్లే కాబట్టి వాళ్లు చేయాల్సిన పనులూ చెప్పాం.

కబురు తెలిసిన మొదటి గంటలు

ముందు కబురు నిజమో కాదో తేల్చుకోండి. బారక్‌లో గాలివార్తగా వచ్చింది సగం తప్పయి ఉండొచ్చు. పోయింది తాతయితే నాన్న అని చెబుతారు, ఆసుపత్రిలో చేరిస్తే పోయాడని చెబుతారు. డ్యూటీలో ఉన్న అధికారి దగ్గరికి వెళ్లి ‘మా ఇంట్లో ఎవరో పోయారని విన్నాను, ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి’ అని అడగండి. ఆ ఫోన్‌లో రాబట్టాల్సినవి ఇవి: పోయినవాళ్ల పూర్తి పేరు, ఎప్పుడు పోయారు, ఎక్కడ, ఎందువల్ల, అంత్యక్రియలు ఏ రోజు ఏ గంటకు ఏ చోట. విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. ఆ స్థితిలో విన్న మాట బుర్రలో నిలవదు. రెండు గంటలయ్యాక అంత్యక్రియలు రేపన్నారో ఎల్లుండన్నారో గుర్తు రాదు, మళ్లీ ఫోన్ దొరకదు, అర్జీ ఆగిపోతుంది. చెయ్యి వణికి రాయలేకపోతే పక్కనున్న మనిషిని రాయమనండి.

ఫోన్ ఎత్తగానే అటువాళ్లు ఏడుస్తారు, ఇటు మీరూ ఏడుస్తారు, ఇచ్చిన నిమిషాలు అందులోనే అయిపోతాయి. కాబట్టి సంగతులు ముందు, ఏడుపు తర్వాత. మోటుగా ఉంటుంది గానీ ఈ వరుస తప్పనివ్వకండి.

అసలు ఏడుపే రాకపోవచ్చు. మొద్దుబారిపోయి పేకాటకు కూర్చునేవాళ్లుంటారు, అన్నం అడిగి తినేవాళ్లుంటారు, నవ్వేవాళ్లూ ఉంటారు. దాన్నిబట్టి ప్రేమను కొలవకండి, పక్కవాణ్ణి కొలవనివ్వకండి. చేతులు వణుకుతున్నా, కడుపులో తిప్పుతున్నా గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చోండి, కొంచెం నీళ్లు తాగండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా అయిదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, అంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు.

ఆ రోజు లెక్కకు నిలబడనని మొండికేస్తే ఏమవుతుందో ముందే తెలిసుండాలి. లెక్కకు రాలేదని రిపోర్టు రాస్తారు. రిపోర్టు ఫైల్లోకి వెళ్తుంది. సాయంత్రం అంత్యక్రియల అర్జీ మీద నిర్ణయం తీసుకునే అధికారి తెరిచేది అదే ఫైలు. కబురు తెచ్చిన ఉద్యోగి మీద అరిచినా, కాలర్ పట్టుకున్నా ఇంతే. ఇలాంటివి ఎక్కువగా షిఫ్టు మారే వేళ పుడతాయి. పొద్దుటి డ్యూటీవాళ్లకు సంగతి తెలుసు కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకుంటారు. రాత్రి డ్యూటీకి వచ్చినవాడికి ఏమీ తెలియదు. మంచం మీంచి లేవని మనిషిని చూసి లాఠీతో ఊచలు కొడతాడు. దానికి విరుగుడు ఒకటే: షిఫ్టు మారిన ప్రతిసారీ మీరో, పక్కవాళ్లో ‘ఈ మనిషికి ఇవాళ చావు కబురు వచ్చింది’ అని ఒక్క మాట కొత్త డ్యూటీవాళ్ల చెవిన వేయాలి. రిజిస్టర్లో రాయించగలిగితే ఇంకా మంచిది.

ఆస్తి కాగితం, కేసులో ఒప్పుకోలు, బదిలీ కోరుతూ అర్జీ లాంటి వేటి మీదా ఆ వారం సంతకం పెట్టకండి.

చివరిచూపు కోసం అర్జీ

ఎవరు అనుమతి ఇవ్వాలన్నది దేశాన్ని బట్టి, కేసు ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. శిక్ష పడ్డవాళ్ల విషయం చాలా చోట్ల జైలు యంత్రాంగం లేదా పైనున్న ప్రభుత్వ శాఖ చేతిలో ఉంటుంది. విచారణలో ఉన్నవాళ్లకు కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. అందుకని అర్జీ రాసిన వెంటనే వకీలుకూ కబురు పెట్టండి. రెండు దారులూ ఒకేసారి కదలాలి. ఒకటి కాదన్నాక రెండోది మొదలుపెడితే అప్పటికి అంత్యక్రియలు అయిపోతాయి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఇలా ఉంటే చాలు:

‘సూపరింటెండెంట్ గారికి. నా పేరు ఫలానా, ఖైదీ నంబరు ఇంత, ఫలానా బ్లాకు. మా అమ్మ (గుర్తింపు కార్డులో ఉన్నట్టే పూర్తి పేరు) ఫలానా తేదీ ఉదయం ఇన్ని గంటలకు ఫలానా ఆసుపత్రిలో మరణించారు. అంత్యక్రియలు ఫలానా తేదీ, ఇన్ని గంటలకు, ఫలానా చోట. విచారించుకోవడానికి మా అన్న పేరు, ఫోన్ నంబరు. ఆసుపత్రి ఫోన్ నంబరు. పోలీసు కాపలాతో వెళ్లి రావడానికి అనుమతి కోరుతున్నాను. అది వీలుకాని పక్షంలో, అంత్యక్రియలకు ముందు కొద్దిసేపు చివరిచూపుకైనా. అదీ కాకపోతే అంత్యక్రియలు జరిగే సమయంలో వీడియో లేదా ఫోన్ ద్వారా హాజరు కావడానికైనా అనుమతించగలరు. నిర్ణయం ఏదైనా రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఆ ‘వీలుకాని పక్షంలో’ అన్న ముక్కే అర్జీకి ప్రాణం. ఒకే ఒక్క కోరిక రాస్తే ఒకే ఒక్క ‘కాదు’తో మూసేస్తారు. మూడు మెట్లు రాస్తే పైమెట్టు కాదన్న అధికారికి కింది మెట్టు ఒప్పుకోవడం తేలిక. రాతపూర్వకంగా అడగడం ఎందుకంటే, వకీలు కోర్టుకు వెళ్లాలన్నా పైఅధికారికి రాయాలన్నా చేతిలో కాగితం ఉండాలి.

అర్జీలు తిరిగి రావడానికి కారణాలు చాలాసార్లు చిన్నవే. పోయిన మనిషి పేరు జైలు రికార్డులో ఒకలా, మరణ ధ్రువపత్రంలో ఒకలా ఉంటుంది. చుట్టరికం రికార్డులోనే ఉండదు. పెంచిన పిన్ని, పెళ్లి కాకుండా కలిసి బతికిన మనిషి, సవతి తండ్రి ఇలాంటి చోట్ల ఇరుక్కుంటారు. అలాంటప్పుడు ‘నన్ను ఇన్నేళ్ల వయసు నుంచి పెంచింది ఈవిడే’ అని రాసి, దాన్ని బలపరిచే ఒక్క కాగితమైనా ఇంటివాళ్లతో పంపించాలి. పాత ములాఖాత్ రిజిస్టర్లో ఆవిడ పేరు ఉంటే అదీ సాక్ష్యమే. ఇచ్చిన ఫోన్ నంబరు ఎత్తకపోవడం మరో కారణం. చావింట్లో ఫోన్ ఎక్కడో పడుంటుంది. కాబట్టి ఎత్తగలిగే మనిషి నంబరు ఇవ్వండి, జైలు నుంచి ఫోన్ వస్తుందని వాళ్లకు ముందే చెప్పించండి. దూరం, కాపలాకు మనుషులు లేకపోవడం, బాధితుల కుటుంబం అదే ఊళ్లో ఉండడం లాంటి కారణాలు మాత్రం మీ చేతిలో లేనివి.

ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2015 డిసెంబరు 17న ఖైదీల విషయంలో కనీస ప్రమాణాలను సవరించి ఆమోదించింది. నెల్సన్ మండేలా నియమాలంటారు వాటిని. 70వ నియమం ప్రకారం దగ్గరి బంధువో, ఆప్తులో పోయినా, తీవ్రంగా జబ్బుపడినా ఖైదీకి వెంటనే తెలియజేయాలి. పరిస్థితులు అనుమతిస్తే కాపలాతో గానీ ఒంటరిగా గానీ వెళ్లనివ్వాలి. రక్తసంబంధం లేని ఆప్తులు కూడా అందులో ఉన్నారన్నది గుర్తుంచుకోండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు సొంత బట్టలో, ఖైదీ అని తెలియని బట్టలో వేసుకోనివ్వాలని 19వ నియమం అంటుంది. క్రమశిక్షణ చర్య పేరుతో కుటుంబంతో సంబంధాన్ని పూర్తిగా తెంచకూడదని 43వది అంటుంది. ఇవి నేరుగా ఏ దేశంలోనూ చట్టం కావు. అయినా అర్జీ కింద ఒక వాక్యంగా రాస్తే, దాన్ని పక్కన పడేసే ముందు ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. ఆ నియమాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆయనకే ఈ అవకాశం దక్కలేదు. దక్షిణాఫ్రికాలో రోబెన్ దీవి జైల్లో ఉండగా 1968లో తల్లి, 1969లో పెద్ద కొడుకు తెంబి చనిపోతే, రెండు అంత్యక్రియలకూ మండేలాను వెళ్లనివ్వలేదు.

అనుమతి వస్తే

సంబరపడి బయల్దేరే ముందు కొన్ని అడిగి తెలుసుకోండి. బేడీలు వేస్తారా, అక్కడ తీస్తారా? ఎంతసేపు? ఇంటివాళ్లను తాకనిస్తారా? శవాన్ని ముట్టుకోనిస్తారా? పక్కన ఎంతమంది ఉంటారు, యూనిఫారంలోనా మామూలు బట్టల్లోనా? జవాబులు ఇంటికి చేరాలి. ముఖ్యంగా పిల్లలుంటే, నాన్న చేతులకు బేడీలుంటాయని, ఇంటికి రాడని, కాసేపుండి వెళ్లిపోతాడని వాళ్లకు ముందురోజే చెప్పాలి. చెప్పకపోతే కాలు పట్టుకుని వేలాడే పిల్లవాణ్ణి విడదీయడమే ఆ రోజు అందరికీ గుర్తుండిపోతుంది.

బేడీలతో కన్నతల్లి శవం ముందు నిలబడడం కంటే వెళ్లకపోవడమే నయం అనుకునేవాళ్లున్నారు. అది తప్పు కాదు. కానీ ఆ నిర్ణయం కోపంలో తీసుకోకండి. మా మాట అడిగితే, ఊగిసలాటలో ఉన్నవాళ్లు వెళ్లడమే మంచిదంటాం. సిగ్గు కొన్నాళ్లకు పలచబడుతుంది. చూడలేదన్న వెలితి అంత త్వరగా పోదు.

అక్కడ గడిపే సమయం చాలా తక్కువ. ఏం చేయాలో రెండు పనులు ముందే అనుకోండి: మొహం చూడడం, చెవిలో ఒక మాట చెప్పడం. చుట్టాలతో మాటల్లో పడితే ఆ రెండూ జరక్కుండానే టైమైపోయిందంటారు. పారిపోయే ఆలోచన, ఎవరో చేతిలో పెట్టబోయే పొట్లం, పాత పగ ఉన్నవాడితో మాటా మాటా: వీటిలో ఏది జరిగినా మీతో పోదు, తర్వాత ఆ జైల్లో ఇలాంటి అర్జీ పెట్టే ప్రతి మనిషీ దానికి మూల్యం కడతాడు.

తిరిగొచ్చే ఘట్టానికి ఎవరూ సిద్ధపడరు. గేటు దగ్గర బట్టలు విప్పించి తనిఖీ చేస్తారు. శవాన్ని తాకిన చేతుల్ని చాపి చూపించమంటారు. ఆ క్షణంలో ఎగిరిపడేవాళ్లు ఎక్కువ. ఇలా జరుగుతుందని ముందే తెలిసుంటే కొంత తట్టుకోవచ్చు. ఆ రాత్రి సెల్లో ఒంటరిగా ఉండకుండా చూడమని వెళ్లే ముందే అడిగి పెట్టుకోండి.

అనుమతి రాకపోతే

ఎక్కువమంది పరిస్థితి ఇదే. ఏం చేసినా బయట జరిగేదానికి సాటి రాదు. అయినా ఏదో ఒకటి, అదే గంటకు, చేతులతో చేయడం వల్ల ఉపయోగం ఉంది.

అంత్యక్రియలు ఎన్నింటికో మీ దగ్గర రాసి ఉంది. ఆ గంటకు పని నుంచి, తరగతి నుంచి విడుపు అడగండి. ప్రార్థన గది ఉంటే అక్కడ, లేకపోతే మీ మంచం దగ్గర కూర్చోండి. మీ మతానికి చెందిన బోధకుణ్ణి పిలిపించమని అడగొచ్చు, అక్కర్లేదనుకుంటే మానేయొచ్చు. జైల్లో నిప్పు, దీపం ఉండకపోవచ్చు. నీళ్ల గ్లాసు, ఒక ఫొటో, ఒక ఉత్తరం చాలు. ఆ మనిషి పేరు పైకి పలకండి, ఆయనతో గడిపిన మూడు సంగతులు మాటల్లో చెప్పండి, చివర్లో ‘వెళ్లిరా’ అని పైకి అనండి. ఒకరిద్దరు తోటి ఖైదీలు కూర్చుంటే మరీ మంచిది. ఎవరూ వినకుండా చెప్పినదాని కంటే ఇంకొకరు విన్నది నిజమనిపిస్తుంది.

ఇంటివాళ్లకు ఒక పని అప్పజెప్పండి: జరిగిందంతా పూసగుచ్చినట్టు ఉత్తరం రాయమనండి. ‘అంతా బాగా జరిగింది’ అన్న ఉత్తరం ఎందుకూ పనికిరాదు. చివరి రోజు ఏం తిన్నారు, ఏమన్నారు, నన్ను అడిగారా, ఏ బట్టలు కట్టారు, ఎవరెవరు వచ్చారు, ఎవరు మోశారు, వాన పడిందా ఎండ కాసిందా, తిరిగొచ్చాక ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకున్నారు. ఇంత చిన్నవి కావాలి. కళ్లు చూడలేనిదాన్ని ఈ వివరాలే చూపిస్తాయి. ‘నన్ను అడిగారా’ అన్నదానికి జవాబు ‘లేదు’ అయితే అబద్ధం రాయకండి. ‘చివరి రెండు రోజులు స్పృహ లేదు, ఎవర్నీ అడగలేదు’ అని ఉన్నది రాయండి. తర్వాత ఎవరి నోటో నిజం తెలిస్తే మిగతా ఉత్తరమంతా అబద్ధమైపోతుంది.

ఫొటోలు రెండు పంపించమనండి. బతికుండగా నవ్వుతున్నది ఒకటి, చివరిచూపుది మీకు కావాలనిపిస్తే ఒకటి. రెండోది వేరే కవర్లో ఉండాలి, పైన ఏముందో రాసి ఉండాలి. దాన్ని పగలు, పక్కన మనిషి ఉండగా తెరవండి. గేట్లు పడ్డాక మాత్రం తెరవొద్దు.

రోజులు గడిపేది ఎలా

దుఃఖానికి అయిదు మెట్లుంటాయని, వరసగా ఎక్కాలని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు చెప్పిన ఆ దశలు అసలు చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి రాసినవి. జైల్లో ఉన్నవాళ్లకు ఎక్కువ అక్కరకొచ్చేది 1999లో స్ట్రోబె, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన మాట. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు, ఇటూ అటూ ఊగుతాడు, ఆ ఊగడంలోనే తేరుకుంటాడని వాళ్లు చెప్పారు. క్యారమ్స్ ఆడుతూ గంటసేపు అమ్మను మర్చిపోతే అది ద్రోహం కాదు.

దీన్ని జైలు గంటలకు సరిపెట్టుకోవాలి. రోజుకు ఇరవై నిమిషాలు ఒక వేళ పెట్టుకోండి. గేట్లు తెరిచి ఉండే వేళ కావాలి, ఆ తర్వాత ఏదో ఒక పని ఉండాలి. సాయంత్రం వ్యాయామానికి ముందైతే బాగుంటుంది. ఆ ఇరవై నిమిషాల్లో ఫొటో చూడండి, ఏడవండి, ఉత్తరం రాయండి. బెల్లు కొట్టగానే లేచి మొహం కడుక్కుని తర్వాతి పనిలో పడండి. మిగతా వేళల్లో దుఃఖం తోసుకొస్తే ‘సాయంత్రం చూద్దాం’ అని చెప్పుకోండి. మొదటి వారం ఈ మాట పనిచేయదు. మూడో వారానికి కొంచెం వింటుంది.

ఏడవడానికి చోటు లేకపోవడం అసలు బాధ. ఏడిస్తే మెత్తవాడని అలుసు చేస్తారన్న భయం వట్టిది కాదు, కొన్ని బారక్‌లలో అది నిజమే. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు, దుప్పటి ముసుగు, ప్రార్థన గది, డాక్టరు గది: జనం వాడుకునే చోట్లు ఇవే. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరు కాబట్టి అదే అన్నిటికంటే నయం.

పోయినవాళ్లకు ఉత్తరం రాయడం చాలామందికి ఊరటనిస్తుంది, అందరికీ కాదు. రాస్తే ఇలా రాయండి: పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, మూడు నాలుగు రోజులు, తప్పులు దిద్దకుండా. రాసేకొద్దీ నిద్ర దూరమవుతుంటే, మనసు మరింత బరువెక్కుతుంటే ఆపేయండి. ఒక్క జాగ్రత్త: మీ కాగితాలు తనిఖీలో ఎవరైనా చదవొచ్చు. ‘ఆ రోజు నేను ఆ పని చేయకపోయుంటే’ అని కేసు సంగతులు రాస్తే, అప్పీలులో ఉన్న కేసులో ఆ కాగితమే ఎదురు నిలబడొచ్చు. దుఃఖం రాయండి, కేసు రాయకండి. కేసు గురించి చెప్పుకోవాల్సింది వకీలుకే.

‘నేను బయట ఉంటే బతికేది’ అన్న మాట జైల్లో అందరినీ తినేస్తుంది. దాన్ని తల ఊపి కొట్టిపారేయకుండా కాగితం మీద తేల్చండి. పేజీని మూడు నిలువు గళ్లు చేయండి. మొదటి గడిలో చావుకు డాక్టరు చెప్పిన కారణం. రెండో గడిలో బయట ఉండుంటే మీరు చేసి ఉండేవి: ఆసుపత్రికి తీసుకెళ్లడం, మందులు కొనడం, పక్కన కూర్చోవడం. మూడో గడిలో వాటిలో ఏది ఆ కారణాన్ని మార్చి ఉండేదో. ఎక్కువసార్లు మూడో గడిలో ‘పక్కన కూర్చునేవాణ్ణి’ ఒక్కటే మిగులుతుంది. అది చావును ఆపేది కాదు, కానీ నిజమైన నష్టం. దానికి ఏడవాలి. కొన్నిసార్లు నిజంగానే మీ వల్ల జరిగింది కూడా మిగలొచ్చు. పోయిన మనిషి మీ కేసులో బాధితులే అయితే, లోకం మీకు ఏడ్చే హక్కే లేదంటుంది. అలాంటి దుఃఖాన్ని బారక్‌లో చెప్పుకోకండి. కౌన్సెలరుతోనో, బోధకుడితోనో నాలుగు గోడల మధ్య చెప్పాలి. వాళ్లు ఏది గోప్యంగా ఉంచుతారో, ఏది పైకి చెప్పక తప్పదో మొదటి రోజే అడగండి.

తోటి ఖైదీ పోయినప్పుడు కూడా ఇదే చిక్కు. రాత్రికి రాత్రే సామాను కట్టేస్తారు, రెండో రోజుకు ఆ మంచం మీదికి కొత్త మనిషి వస్తాడు. చుట్టం కాదు కాబట్టి సెలవు లేదు, పరామర్శ లేదు. ఇలా లోకం లెక్కలోకి తీసుకోని దుఃఖం గురించి కెనెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే రాశారు. నలుగురు కలిసి అయిదు నిమిషాలు ఆ పేరు తలుచుకోవడానికి అధికారిని అడిగితే చాలా చోట్ల కాదనరు.

నిద్రమాత్రలు జైలు డాక్టరు చేతి నుంచే తీసుకోండి. పక్కవాడు ఇచ్చే మాత్ర మొదటిది ఉచితం, రెండోది అప్పు. దుఃఖంలో ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ప్రతి బారక్‌లోనూ ఉంటారు. ఇక గుండెలో నొప్పి, ఆయాసం వస్తే ‘దుఃఖంలే’ అని పడుకోకండి. తీవ్రమైన దిగులుతో గుండె కండరం నిజంగానే తాత్కాలికంగా దెబ్బతినే జబ్బొకటి ఉంది. టకోట్సుబో అంటారు, జపాన్‌లో మొదట గుర్తించారు. గుండెపోటుకూ దానికీ తేడా పరీక్షలు చేస్తే గానీ తెలియదు. నొప్పి వచ్చిన రాత్రే గేటు కొట్టి పిలవండి.

చనిపోవాలనిపిస్తే

‘నేనూ పోతే బాగుండు’ అన్న ఊహ చాలామందికి వచ్చి పోతుంది. అది ‘ఎలా, ఎప్పుడు’ దగ్గరికి వచ్చిందంటే ఆ పూటే చెప్పాలి. వార్డరుకో, డాక్టరుకో, సెల్లో ఉన్న మనిషికో, ఎవరు ముందు కనిపిస్తే వాళ్లకు. చెబితే ఒంటరి గదిలో పడేస్తారన్న భయంతో దాచేవాళ్లున్నారు. కాబట్టి చెప్పేటప్పుడే ‘ఒంటరిగా ఉంచొద్దు, మనిషి ఉన్న చోట ఉంచండి’ అని కూడా అడగండి. దాచుకున్న బ్లేడు, పోగేసిన మాత్రలు ఉంటే ఇచ్చేయండి.

పక్కవాళ్లకు అనుమానం వస్తే సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనుకుంటున్నావా?’ అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్’ అంటే వేయకండి. సామాను పంచిపెట్టడం, హఠాత్తుగా ప్రశాంతంగా మారిపోవడం, ములాఖాత్ వద్దనడం చూస్తే ఆ రాత్రి ఆ మనిషి పక్కనుంచి కదలకండి. బ్రిటన్‌లో స్వాన్సీ జైల్లో 1991లో, ఆత్మహత్యలను ఆపడానికి పనిచేసే సమారిటన్స్ సంస్థ ఖైదీలకే వినడంలో శిక్షణ ఇచ్చే పని మొదలుపెట్టింది. తర్వాత అది చాలా జైళ్లకు పాకింది. మీ దగ్గర అలాంటిది లేకపోయినా వినే మనిషి ప్రతి బ్లాకులో ఒకరుంటారు. ‘బాధపడకు, అందరూ పోయేవాళ్లే’ అనే మనిషిని పక్కన పెట్టి, నోరు మూసుకుని టీ తెచ్చిచ్చే మనిషిని పట్టుకోండి.

ఇంటివాళ్లకు

దాచకండి. ‘లోపల ఉన్నాడు, తట్టుకోలేడు, విడుదలయ్యాక చెబుదాం’ అనుకుంటారు. ములాఖాత్‌కు వచ్చిన వేరెవరి బంధువో చెప్పేస్తారు. అప్పుడు ఆ మనిషికి రెండు దెబ్బలు: ఒకటి చావు, రెండోది మీరు ఇన్నాళ్లూ నటించారన్నది.

కబురు పంపడానికి జైలుకు ఉదయం పూట ఫోన్ చేయండి. ఖైదీ పేరు, నంబరు, మీ చుట్టరికం, పోయినవాళ్ల వివరాలు, అంత్యక్రియల సమయం ఒకే ఊపున చెప్పండి. ఎవరితో మాట్లాడారో పేరు, సమయం రాసుకోండి. ‘గేట్లు మూసే ముందు కాకుండా పగలు చెప్పండి, చెప్పాక ఇంటికి ఒకసారి ఫోన్ చేయించండి’ అని అడగండి. రెండు గంటల్లో తిరిగి ఫోన్ రాకపోతే మళ్లీ మీరే చేయండి. మరణ ధ్రువపత్రం గానీ ఆసుపత్రి చీటీ గానీ దొరికిన వెంటనే దాని నకలు జైలుకు, వకీలుకు పంపండి.

ములాఖాత్‌లో మాట్లాడేటప్పుడు మీ దుఃఖాన్ని పూర్తిగా దాచకండి, మొత్తం గుమ్మరించకండి కూడా. మీరు వెళ్లిపోయాక వాళ్లు దాన్ని మోసుకుంటూ సెల్లోకి వెళ్లాలి. ఆఖరి అయిదు నిమిషాలు మామూలు మాటలకు ఉంచండి.

నెలలు గడిచాక

ఆరు నెలలు దాటినా రోజులో ఎక్కువసేపు అదే ధ్యాస, పని చేయలేకపోవడం, చావు జరిగిందన్నదే ఒప్పుకోలేకపోవడం ఉంటే మానసిక వైద్యుణ్ణి అడగండి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక దీన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా గుర్తించింది. గడువు కనీసం ఆరు నెలలు. అమెరికా మానసిక వైద్యుల పట్టిక పెద్దవాళ్లకు ఏడాది అంటుంది. చావును చూడనివాళ్లకు ఒప్పుకోవడం ఆలస్యమవడం సహజమే కాబట్టి, మీకు ఆ రుగ్మత ఉందో లేదో డాక్టరే తేల్చాలి. క్యాలెండరులో పుట్టినరోజు, పోయిన రోజు గుర్తుపెట్టుకుని, ఆ వారం గొడవలకు దూరంగా ఉండే పని అడిగి తీసుకోండి.

విడుదల తేదీ తెలిశాక ఇంకొక్క పని ఉంది. ఆ ఇంట్లో వాళ్ల సామాను ఏది ఎక్కడుందో ముందే కనుక్కోండి. గది ఇప్పుడు ఎవరు వాడుతున్నారు, మంచం ఉందా, బట్టలు ఇచ్చేశారా, ఫొటోకు చోటు ఎక్కడ పెట్టారు. ఇవ్వనివి ఏమైనా ఉంటే ఒక సంచిలో పెట్టి అలాగే ఉంచమనండి. గేటు బయటికి వచ్చిన రోజు నేరుగా ఆ ఇంటికి ఒంటరిగా వెళ్లకండి. తోడుగా ఎవరు వస్తారో ముందే మాట్లాడుకోండి. సమాధి గానీ, అస్థికలు కలిపిన చోటు గానీ ఉంటే అక్కడికి వెళ్లేది మర్నాడు పొద్దున పెట్టుకోండి. ఆ సంచి మీరు అడిగినప్పుడే విప్పాలని, అడగకపోతే కదపొద్దని ఇంటివాళ్లకు చెప్పి ఉంచండి.